ఎండ అలవాటుకు గడువుంది

నమీబియా దేశం దక్షిణ కొసన ఫిష్ నది కోసుకున్న పెద్ద లోయ ఒకటుంది. పొడవు 160 కిలోమీటర్లు. కొన్నిచోట్ల లోతు అర కిలోమీటరు పైనే. ఆ లోయ అడుగున బండరాళ్ల మీదుగా, ఇసుకలో, నాలుగైదు రోజులపాటు 85 కిలోమీటర్ల దాకా నడవడం ఆఫ్రికా దక్షిణ దేశాల సాహస యాత్రల్లో పేరున్నది. తిండీ పక్కబట్టలూ వీపున మోసుకుపోవాలి. మధ్యలో మనసు మారినా ఆ గోడలెక్కి బయటపడటం తేలిక కాదు. అయితే ఈ దారి ఏడాది పొడవునా తెరిచి ఉండదు. మే 1న తెరుస్తారు, సెప్టెంబరు 15తో మూసేస్తారు. అది అక్కడ చలికాలం. మిగిలిన ఏడున్నర నెలలూ ఎంతటి నడకగాడైనా లోయలోకి దిగడానికి వీల్లేదు. ఎండ మనిషిని చంపుతుందన్న భయం ముఖ్య కారణం, ఉన్నట్టుండి వచ్చే వరద రెండోది. తెరిచి ఉన్న రోజుల్లో కూడా డాక్టరు కొత్తగా పరీక్షించి రాసిచ్చిన పత్రం చూపిస్తేనే దిగనిస్తారు.

సరదాకు నడిచేవాళ్లకు ఇంత కట్టుదిట్టం. మన దగ్గరికొస్తే, తిరువూరు చుట్టుపక్కల మామిడి కోతలు పడేది సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే. కాయ ఎండను చూసి ఆగదు, మార్కెట్టు ధర అసలే ఆగదు. కోత ముఠాలు తోటల్లో, ఉపాధి హామీ కూలీలు చెరువు మట్టిలో, సత్తుపల్లి వైపు వెళితే ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో షిఫ్టు కార్మికులు. ఎవరినడిగినా జవాబు ఒకటే: "మాకు ఎండ అలవాటేనండీ."

ఆ మాట ఉత్త ధీమా కాదు. అందులో నిజముంది, ఆ నిజానికి హద్దులూ ఉన్నాయి. రెంటినీ కొలిచి చూపిన పరిశోధనల్లో ముఖ్యమైనవి కొన్ని ఆఫ్రికా దక్షిణ కొసనుంచే వచ్చాయి. కలహారి ఎడారి వేటగాళ్లు, జొహన్నెస్‌బర్గ్ బంగారు గనులు, డర్బన్ దగ్గర జరిగే ఒక సుదీర్ఘ పరుగు పందెం. ఆఫ్రికా సాహసమంటే మన పత్రికలకు కిలిమంజారోనే గుర్తొస్తుంది. పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన మలావత్ పూర్ణ 2016లో దాన్నీ ఎక్కడంతో మన పిల్లలెందరికో ఆ కొండ మీద మనసైంది. మంచిదే. కానీ అది చలి కథ, ప్రాణవాయువు చాలని కథ. ఎన్టీఆర్, ఖమ్మం జిల్లాల సరిహద్దు ఊళ్లకు పనికొచ్చే పాఠం ఆ కొండకు బాగా దక్షిణాన, వేడి నేల మీద ఉంది.

ముందు చిన్న లెక్క. కండరం పనిచేసేటప్పుడు తిన్న శక్తిలో నాలుగో వంతుకు మించి పనిగా మారదు. మిగిలిన మూడు వంతులూ వేడే. అరవై కిలోల మనిషి గంటకు పది కిలోమీటర్ల వేగంతో పరుగెత్తితే దాదాపు 600 కిలోకేలరీలు ఖర్చవుతాయి. అందులో 450 వేడిగా ఒంట్లోనే పుడతాయి. ఆ బరువున్న ఒంటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 50 కిలోకేలరీలు చాలు. అంటే పుట్టిన వేడిని బయటికి పంపే దారి లేకపోతే అరగంటలోనే ఒంటి వేడి 41 డిగ్రీలు దాటుతుంది. సూర్యుడి సంగతి ఇంకా లెక్కలోకే రాలేదు. నిచ్చెన మీద నిలబడి చిక్కంతో కాయ దింపేవాడు, గంపలు మోసేవాడు పరుగెత్తడం లేదు కదా అనొచ్చు. పుట్టే వేడి ఇందులో సగమనుకున్నా, దానికి పైనుంచి కాసే ఎండ తోడవుతుంది.

గాలి చర్మం కన్నా చల్లగా ఉన్నప్పుడు కొంత వేడి దానంతటదే పోతుంది. చర్మం వేడి 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. బయట 44 ఉన్నప్పుడు వేడి బయటికి పోకపోగా గాలిలోంచి ఒంట్లోకి వస్తుంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే. చల్లటి నీళ్లిచ్చే మట్టి కుండ కిటుకే ఇదీ: ఊరిన నీరు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతుంది. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 580 కిలోకేలరీల వేడి పోతుంది. పైన చెప్పిన పరుగుగాడికి గంటకు ముప్పావు లీటరు పైచిలుకు సరిపోతుంది. మనిషి చర్మం నిండా ఇరవై నుంచి నలభై లక్షల స్వేద గ్రంథులున్నాయి, గంటకు లీటరు, లీటరున్నర చెమట పోయడం వాటికి పెద్ద పని కాదు. ఆవిరవ్వాలన్న షరతు మాత్రం మరిచిపోకూడదు. నేల మీద బొట్లుబొట్లుగా రాలిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు.

ఈ విద్యలో మనిషికి సాటి వచ్చే జంతువులు తక్కువ. కలహారిలో సాన్ తెగ వేటగాళ్లు దాన్ని ఆయుధంగానే వాడుకున్నారు. లూయీ లీబెన్‌బర్గ్ అనే దక్షిణాఫ్రికా పరిశోధకుడు వాళ్లతోపాటు తానూ పరుగెత్తి, చూసిందంతా 2006లో వివరంగా రాశాడు. వేటకు వాళ్లు ఎంచుకునేది మధ్యాహ్నం. గాలి 40 డిగ్రీలు దాటిన వేళ. కడుపునిండా నీళ్లు తాగి, కుడు అనే పెద్ద జింక వెంట పడతారు. అది క్షణంలో మాయమవుతుంది. వీళ్లు అడుగుజాడ పట్టుకుని నింపాదిగా పరుగెత్తుతూ నీడన ఆగిన జింకను మళ్లీ లేపుతారు. అది మళ్లీ పరుగు. రెండు నుంచి అయిదు గంటలు, పాతిక నుంచి ముప్పై అయిదు కిలోమీటర్లు ఇలా సాగాక జింక ఇక కదల్లేక నిలబడిపోతుంది. దాని ఓటమికి కారణం కాళ్లు కాదు, వేడి. నాలుగు కాళ్ల జంతువు ఒంటి వేడిని ఎక్కువగా వగర్చి పోగొట్టుకుంటుంది. దౌడు తీసేటప్పుడు దాని ఊపిరి అంగలతో ముడిపడి ఉంటుంది, అంగకొక ఊపిరి. దౌడు తీస్తూ వగర్చడం దానికి చేతకాదు. మనిషి పరుగెత్తుతూనే చెమట పోసుకుంటాడు.

దీని ఆధారంగా డెన్నిస్ బ్రాంబుల్, డేనియల్ లీబర్మన్ 2004లో 'నేచర్' పత్రికలో పెద్ద ప్రతిపాదన చేశారు. దూరం పరుగెత్తడం మనిషి ఆకారాన్నే తీర్చిదిద్దిందని వాళ్ల వాదన. వెంట్రుకలు తగ్గిన చర్మం, మడమ వెనక పొడవాటి స్నాయువు, తలను నిలకడగా పట్టే మెడ నిర్మాణం వాళ్లు చూపిన సాక్ష్యాలు. ఇలాంటి వేట ఎక్కడో అరుదుగా జరిగేదేనని ఎదురు వాదించినవాళ్లు చాలామందే. 2024లో వచ్చిన ఒక పరిశీలన ప్రయాణికులు, మానవ శాస్త్రవేత్తలు శతాబ్దాలుగా రాసిపెట్టిన పాత రాతల్లోంచి ఈ వేటకు నాలుగు వందల దాకా ఉదాహరణలు వెతికి తీసింది. వాదన ఇంకా తెగలేదు. నాకైతే ఈ వాదన కన్నా ఒక చిన్న విషయం ముఖ్యంగా తోస్తుంది: ఆ వేటగాళ్లు రోజూ ఆ ఎండలోనే తిరిగేవాళ్లు. ఏసీ గదిలోంచి లేచి జింక వెంట పడినవాళ్లు కారు.

రోజూ తిరగడం వల్ల ఒంట్లో ఏం మారుతుందో బంగారు గనుల కోసం కొలిచారు. జొహన్నెస్‌బర్గ్ చుట్టూ ఉన్న బంగారు గనులు లోకంలోనే లోతైనవి. పోనెంగ్ గని నాలుగు కిలోమీటర్ల లోతుకు దగ్గరగా వెళుతుంది, అక్కడ రాతి వేడి 60 డిగ్రీలు దాటుతుంది. కిందికి పంపే గాలి చల్లగా ఉన్నా, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లుతూ తవ్వే చోట తేమ నిండిపోతుంది. 1920ల మధ్యలో ఆ గనుల్లో వడదెబ్బతో కార్మికులు చనిపోవడం యాజమాన్యాలను కలవరపెట్టింది. 1930లలో డ్రియోస్టి అనే గని వైద్యుడు వేడి, తేమ నింపిన గదిలో కొత్త కార్మికుల చేత గంటసేపు పని చేయించి, ఎవరి ఒళ్లు ఎంత వేడెక్కుతోందో కొలిచి, తట్టుకోగలిగినవాళ్లనూ లేనివాళ్లనూ వేరు చేశాడు. ఆ తర్వాతి దశాబ్దాల్లో గని యజమానుల సంఘం నడిపిన ప్రయోగశాలలో సిరిల్ విండమ్, స్ట్రైడమ్ అనే శాస్త్రవేత్తలు దాన్ని పద్ధతిగా మార్చారు. గనిలో దిగకముందే కార్మికులు వేడి గదిలో రోజుకు కొన్ని గంటలు, వారం పైచిలుకు, మెట్టు ఎక్కుతూ దిగుతూ గడపాలి. రోజురోజుకూ వేగం పెంచుతారు, నాడి చూస్తారు, జ్వరం చూసినట్టు వేడి చూస్తారు.

వాళ్లు చూసిందేమిటి? మొదటి రోజు గుండె గంట కొట్టినట్టు కొట్టుకున్న మనిషి వారం తిరిగేసరికి అదే వేడిలో అదే పని తక్కువ నాడితో చేస్తాడు. మొదటి మూడు నుంచి అయిదు రోజుల్లోనే రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది. చర్మానికి రక్తం పంపాలి, కండరానికీ పంపాలి. ఉన్న రక్తం ఎక్కువైతే గుండెకు ఆ పంపకం తేలికవుతుంది. తర్వాత చెమట మారుతుంది. ఒళ్లు ఇంకా వేడెక్కక ముందే పోయడం మొదలవుతుంది, ఎక్కువగా పోస్తుంది, పైగా చప్పబడుతుంది. అడ్రినల్ గ్రంథి విడుదల చేసే ఆల్డోస్టిరాన్ అనే హార్మోను ప్రభావంతో స్వేద నాళాలు చెమటలోంచి సోడియంను వెనక్కి లాక్కుంటాయి. కొత్తవాడి చొక్కా మీద తెల్లగా ఉప్పు అట్ట కడుతుంది, అలవాటైనవాడి చొక్కా మీద అంతగా కట్టదు. ఒకటి నుంచి రెండు వారాల్లో ఈ మార్పంతా పూర్తవుతుంది. కులానికో జాతికో దీంతో పనిలేదు, ఎవరి ఒంట్లోనైనా జరుగుతుంది.

ఆ గనుల్లో దిగినవాళ్లలో చాలామంది లెసోతో నుంచి, మొజాంబిక్ నుంచి, మలావి నుంచి ఒప్పందం మీద వచ్చిన నల్లవాళ్లు. వేడి గదిలో మెట్లెక్కమంటే కాదనే స్వేచ్ఛ వాళ్లకు ఎంత ఉండేదో ఊహించుకోవచ్చు. ఈరోజు మారథాన్ పరుగుగాళ్లు, సైన్యాలు, క్రికెట్ జట్లు వాడుకుంటున్న శాస్త్రంలో పెద్ద భాగం బంగారం దిగుబడి పడిపోకుండా చూడటానికి చేసిన లెక్కల్లోంచి పుట్టింది. చెప్పకుండా దాటేసే విషయం కాదిది.

అలవాటు ఎలా వస్తుందో అలాగే పోతుంది కూడా. ఎండకు దూరంగా రెండు నుంచి నాలుగు వారాలు గడిపితే సంపాదించినదంతా దాదాపుగా కరిగిపోతుంది. ఊళ్లో పెద్దగా పట్టించుకోని అంశం ఇదే. విజయవాడ హాస్టల్లో ఏడాదంతా ఫ్యాను కింద చదివి సెలవులకొచ్చిన కుర్రవాడు, జ్వరంతో నెల రోజులు మంచాన పడి లేచిన ఆడమనిషి, హైదరాబాదులో వాచ్‌మన్ పని మానుకుని కోతలకు తిరిగొచ్చిన మనిషి. వీళ్లందరూ తిరువూరులో పుట్టి పెరిగినవాళ్లే, కానీ ఆ మొదటి రోజున వాళ్ల ఒళ్లు పరాయి ఊరి ఒళ్లే. అమెరికా కార్మిక భద్రత విభాగం చెప్పే లెక్క ప్రకారం పనిచోట వేడికి చనిపోయినవాళ్లలో దాదాపు సగం మంది పనిలో చేరిన మొదటి రోజే పోయారు, డెబ్బై శాతానికి పైగా మొదటి వారంలోనే. మేస్త్రి ముఠాలో కొత్తవాడికి మొదటి రోజు కొద్ది పని, నీడ పట్టు పని అప్పగించి, రోజురోజుకీ పెంచుకుంటూ పోతే ఇందులో చాలా చావులు తప్పుతాయి. పైసా ఖర్చు లేని పని. మొహమాటమే అడ్డం, కూలి డబ్బులు తెగ్గోస్తారేమోనన్న భయం ఇంకా పెద్ద అడ్డం.

ఇక నీళ్ల సంగతి. దీనికోసం డర్బన్‌కు వెళ్లాలి. డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య ఏటా జరిగే కామ్రేడ్స్ మారథాన్ పేరుకు మారథానే గానీ, దూరం రెండు మారథాన్ల పైమాట, దాదాపు 90 కిలోమీటర్లు. తిరువూరు నుంచి మైలవరం మీదుగా విజయవాడ దాకా పరుగెత్తి, అక్కడా ఆగకుండా ఇంకా ముందుకు పోవడంతో సమానం. పైగా దారంతా గుట్టలే. మొదటి ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికా అడవుల్లో వేల కిలోమీటర్లు నడిచిన విక్ క్లాఫమ్ అనే సైనికుడు, చనిపోయిన తోటివాళ్ల జ్ఞాపకార్థం దీన్ని మొదలుపెట్టాడు. 1921 మే 24న మొదటి పందెంలో 34 మంది బయలుదేరితే 16 మంది చివరిదాకా వెళ్లారు. ఇప్పుడు పన్నెండు గంటల్లో పూర్తి చేయాలి. గడువు దాటి ఒక్క క్షణం ఆలస్యమైనా పతకం లేదు.

ఆ దారికి మనవాళ్లు కొత్త కాదు. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో డర్బన్ చేరింది. 1911 దాకా లక్షా యాభై రెండు వేల మంది అలా వెళ్లారు, మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. తెలుగువాళ్లు వాళ్లలో వేల సంఖ్యలో ఉన్నారు, చెరకు తోటల్లో ఎండకు ఒళ్లప్పగించి అయిదేళ్ల ఒప్పందాలు తీర్చుకున్నారు. 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. కానీ కామ్రేడ్స్ పందెంలోకి భారతీయులకు, నల్లవాళ్లకు, ఆడవాళ్లకు అధికారికంగా ప్రవేశం దొరికింది 1975లో. అంతకుముందు దొంగచాటుగా నంబరు లేకుండా పరుగెత్తినవాళ్లున్నారు, వాళ్ల పేర్లు ఫలితాల పట్టీకి ఎక్కలేదు. ఇప్పుడు మన దేశం నుంచే ఏటా వందల మంది వెళుతున్నారు.

1960ల దాకా దూరపు పరుగుల్లో నీళ్లు తాగడం చేతకానితనంగా చూసేవాళ్లు. 1969లో, పైన చెప్పిన గనుల శాస్త్రవేత్తలు విండమ్, స్ట్రైడమ్, 32 కిలోమీటర్ల రోడ్డు పందేలలో పరుగెత్తినవాళ్ల బరువు, ఒంటి వేడి కొలిచి, నీళ్లు తక్కువ తాగితే ముప్పని రాశారు. ఆ హెచ్చరిక లోకమంతా పాకింది. పాకి పాకి రెండో కొసకు చేరింది: దాహం వేసినా వేయకపోయినా ఎన్ని పడితే అన్ని తాగు. కామ్రేడ్స్ దారి పొడవునా నీళ్ల బల్లలు వెలిశాయి. 1981 పందెంలో ఒక మహిళ గమ్యం ఇంకా చాలా దూరం ఉండగానే మనుషుల్ని గుర్తుపట్టలేని స్థితికి వచ్చింది. ఒంట్లో నీరు తగ్గిందనుకుని వైద్యులు రక్తనాళంలోకి ఇంకా ద్రవం ఎక్కించారు. మూర్ఛలొచ్చాయి, స్పృహ తప్పింది. అసలు సంగతి తిరగబడి ఉంది. ఆమె ఒంట్లో నీరు తగ్గలేదు, ఎక్కువైంది. రక్తంలో సోడియం పలచబడిపోయింది. ఆమె బతికింది. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ నోక్స్ అలాంటి నలుగురి కథను 1985లో ప్రచురించాడు.

రక్తంలో లీటరుకు 135 మిల్లీమోల్‌లకు తగ్గకుండా సోడియం ఉండాలి. అంతకన్నా బాగా పడిపోతే నీరు కణాల్లోకి చొరబడుతుంది, మెదడు ఉబ్బుతుంది. పుర్రెలో ఉబ్బడానికి జాగా లేదు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే వందకు 13 మందిలో సోడియం తగ్గి కనిపించింది. పందెం ముగిసేసరికి బరువు తగ్గకుండా పెరిగినవాళ్లకే ప్రమాదం ఎక్కువ. నాలుగైదు గంటలు పరుగెత్తి బరువు పెరగడమంటే అది తాగిన నీళ్ల బరువే.

ఈ సంగతి చదివి మన కూలీలు నీళ్లు తగ్గించుకోవాలని ఎవరైనా అనుకుంటే అంతకన్నా పొరపాటు లేదు. తోటలో పనిచేసేవాడికి నీళ్లు చాలకపోవడమే పెద్ద బెడద. మరుగు దొరకదని ఆడవాళ్లు అసలు తాగడమే మానేస్తారు, అది ఇంకో బెడద. చేయాల్సింది పావుగంట, ఇరవై నిమిషాలకోసారి గ్లాసెడు తాగడం, గంటలో లీటరున్నరకు మించకపోవడం, రోజంతా ఉత్త నీళ్లతోనే గడపకుండా ఉప్పు కూడా లోపలికి పోయేలా చూడటం. ఉప్పేసిన పలచటి మజ్జిగ, గంజి, తరవాణి, జొన్నంబలి ఇదే పని చేస్తాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్‌లో సోడియం, గ్లూకోజు సమాన మోతాదుల్లో, లీటరుకు 75 మిల్లీమోల్‌ల చొప్పున ఉంటాయి. పేగు గోడలో ఈ రెంటినీ జంటగా లోపలికి తీసుకునే ద్వారాలున్నాయి, వాటి వెంట నీరు దానంతటదే వస్తుంది. రక్తపోటుకు మందులు వాడేవాళ్లు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్లు మాత్రం ఉప్పు విషయం డాక్టరుతోనే మాట్లాడుకోవాలి.

ఎంత అలవాటైనా దాటలేని గీత ఒకటుంది. థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి తగలనిస్తే అది చూపే అంకె, చెమట మనల్ని ఎంతవరకు చల్లబరచగలదో చెబుతుంది. ఆ అంకె 35కు చేరితే ఎవరూ తట్టుకోలేరని 2010లో సిద్ధాంతపరంగా లెక్కగట్టారు. 2022లో పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో ఆరోగ్యంగా ఉన్న యువతీయువకులను గదిలో ఉంచి చూస్తే, తేమ వేడిలో 31 దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం మొదలైంది. పొడి వేడిలో ఇంకా తక్కువకే, 25 నుంచి 28 మధ్యలో. అదీ ఇంట్లో అటూఇటూ తిరిగేంత పనికే. మన రోహిణి కార్తె మధ్యాహ్నం 45 డిగ్రీలు, తేమ 20 శాతం అనుకుంటే ఆ తడిగుడ్డ అంకె 26 దాకా వస్తుంది. తొలకరికి ముందు ఉక్కపోత రోజున 36 డిగ్రీలు, తేమ 70 శాతమైతే 31. వడగాడ్పు రోజు చూస్తే భయమేస్తుంది గనుక జాగ్రత్తపడతాం, ఉక్కపోత రోజు అంకె చిన్నదని పనిలోకి పోతాం. నిజానికి రెండూ గీత దగ్గరవే. 2015 మే నెల ఎండలకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా చనిపోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు. ఎండ అలవాటు లేనివాళ్లు కారు.

గీత దాటినవాళ్లను ఎలా దక్కించుకోవాలో కూడా పరుగు పందేల నుంచే తేలింది. అమెరికాలో ఫాల్‌మత్ అనే ఊళ్లో ఆగస్టు ఉక్కలో 11 కిలోమీటర్ల పందెం జరుగుతుంది. అక్కడ 18 ఏళ్లలో వడదెబ్బ తగిలిన 274 మందిని అక్కడికక్కడే మంచునీళ్ల తొట్టిలో ముంచారు. 274 మందీ బతికారు. ఆ వైద్యుల పద్ధతి ఒక్కటే: ముందు చల్లబరచు, తర్వాత ఆస్పత్రికి పంపు. ఒంటి వేడి 40 దాటిన మనిషికి మొదటి అరగంటే ప్రాణం. తోటలోంచి రోడ్డెక్కి తిరువూరు ఆస్పత్రికో, అక్కణ్నుంచి విజయవాడకో చేరేలోపు ఆ అరగంట దాటిపోతుంది.

కాబట్టి మాట తడబడుతున్నా, ఎక్కడున్నాడో చెప్పలేకపోతున్నా, చెమట పోస్తూనే ఉన్నా సరే, అది వడదెబ్బేననుకోవాలి. ఒకరు 108కు ఫోన్ చేస్తుండగా మిగిలినవాళ్లు మనిషిని బోరు దగ్గరి సిమెంటు తొట్టిలోనో, పశువుల కుడితి తొట్టిలోనో మెడదాకా ముంచి తల పైకి పట్టుకోవాలి. బోరు నీళ్లు మంచులా లేవని వెనకాడొద్దు. నీరు గాలికన్నా ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది. తొట్టి లేకపోతే ఒళ్లంతా తడిబట్టలు కప్పి, వాటి మీద నీళ్లు పోస్తూ విసరాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసెటమాల్ మాత్ర ఇక్కడ పనిచేయదు, ఇది జ్వరం కాదు. అంబులెన్సు వచ్చేసినా సరే, మనిషి తేరుకుని తన పేరూ ఊరూ చెప్పేదాకా నీళ్లు పోయడం ఆపకూడదు.